ఆకుపచ్చ చుక్కే కావాలంట

రోజు 96

చుక్కని నా తర్వాత ఎవరు తీసుకుంటారో తెలీదు. ఎవరైనా సరే ముందు ఇది చదవండి. చదివాక కూడా కావాలనిపిస్తే మీ ఖర్మ.

మా బార్జీల మీద రూలు ఒకటే. ప్రోగ్రాం రాసి జనంలోకి వదిలినవాడు దాని గురించి ఎవరేం అడిగినా జవాబు చెప్పాలి. చెప్పింది ఇలా ఫోనులో రాసి పెట్టాలి. వాడేవాళ్ళలో ఆఖరి మనిషి మానేసేదాకా చెప్పాలి, లేకపోతే ఇంకెవడైనా నెత్తికెత్తుకునేదాకా. నీటి పెట్టెలు చేసిన కంపెనీ జవాబు చెప్పే మనిషి లేకుండా మాయమైపోయిన ఏడాది ఈ రూలు పెట్టుకున్నారంట. అప్పటికి నేను పుట్టలేదు. నా పేరు ఓలేసు, పదహారేళ్ళు, నాలుగో తరగతి. ఒత్తులు ఫోనే దిద్దుతుంది.

పెట్టె అంటే మీకు తెలిసిందే. సముద్రపు నీళ్ళని లోపలి పొర గుండా తోసి తాగే నీళ్ళు చేస్తుంది. పొర పాడైతే పైకి కనపడదు. మా నోళ్ళకి ఉప్పు అలవాటైపోయింది, కొంచెం కొంచెంగా పెరిగితే తెలీదు. పెట్టె లోపల ఒక అంకె నడుస్తుంటుంది. నా ప్రోగ్రాం ఆ అంకె చదివి ఫోనులో చుక్క చూపిస్తుంది. ఆకుపచ్చ అయితే తాగొచ్చు. ఎర్ర అయితే వద్దు. అంతే. పదిహేను రోజుల్లో రాశాను. తొంభై ఆరు రోజుల నుంచి జవాబులు చెప్తున్నాను.

నాలుగు వందల పన్నెండు ఇళ్ళు వాడుతున్నాయి. ఈ రోజు ముప్ఫై ఒక్క ప్రశ్నలు.

ఒకాయన చుక్క ఏ రంగులో ఉందో మీరే చూడండని ఫోటో పంపాడు. ఫోటోలో పెట్టె మూల ఉంది, చుట్ట ఉమ్ము ఉంది, ఆయన కాలు ఉంది. కాలికి గజ్జి. గజ్జి బాగా కనపడింది, చుక్క కనపడలేదు. ఒకావిడ ఆకుపచ్చ అంటే ఇంట్లో కాపురాలన్నీ బాగున్నట్టేనా అని అడిగింది. ఒకడు ఫోనే పట్టుకొచ్చాడు. నిండా చేప పొలుసులు. నా వేళ్ళు సాయంత్రందాకా కంపు కొట్టాయి.

పోలయ్య మావ మెసేజీలు పెట్టడు. పదకొండో బార్జీ నుంచి తెప్పేసుకుని వచ్చి మా గంట కొడతాడు. ప్రోగ్రాం వదిలినవాళ్ళు గంట కట్టుకోవాలి, అదీ రూలే. మనుషుల ముందు నాకు నోరు రాదు. వలల కుప్ప వెనక్కి పోతాను. అప్ప వెళ్ళి మాట్లాడుతుంది. ఇంట్లో నేనూ అప్పా, ఇద్దరమే.

"ఏడే నీ తమ్ముడు?"

"పనిలో ఉన్నాడు మావా. ఏటి కావాల?"

"చుక్క గుండ్రంగా లేదు. కోడిగుడ్డులాగుంది."

"నీ ఫోను అద్దం పగిలిపోయింది మావా."

"పగల్లేదే. బీట ఇచ్చిందంతే."

దీన్ని కూడా రాయాలి. రాశాను.

రోజు 141

ఎండలు. డెబ్భై రెండు ప్రశ్నలు. అన్నీ ఒకటే. ఎర్ర ఎందుకు వస్తోంది?

బార్జీ అడుగున గుల్లలు గీకడం మా ఇంటి వాటా పని. పుట్టెడు గుల్లలు పడితే బార్జీ బరువెక్కుతుంది. ఇదివరకు నేను దిగేవాణ్ణి. ఇప్పుడు అప్ప దిగుతోంది, నేను పైన కూర్చుని జవాబులు చెప్తాను. గుల్ల అంచు కత్తిలాంటిది. అప్ప అరచేతులు ఎలా ఉన్నాయంటే, అన్నం కలుపుకోలేక చెంచాతో తింటోంది. ఈ ప్రోగ్రాం ఊరికే ఇచ్చాడు అంటారు జనం నన్ను. నేను ఊరికే ఇచ్చాను నిజమే. అప్ప ఊరికే ఇవ్వలేదు.

ఎర్ర వస్తే రేవు పంపుకి పోవాలి. తెడ్డేసుకుని రానూ పోనూ రెండు గంటలు. లేకపోతే పాత పొరలు అమ్మే పడవ వచ్చేదాకా ఆగాలి. అందుకే ఎర్ర అంటే జనానికి చిరాకు. నీళ్ళ మీద కాదు, నా మీద.

రోజు 148

పోలయ్య మావ వరసగా తొమ్మిది రోజులు గంట కొట్టాడు. ఈ రోజు ఆయనతో పాటు ఆరు తెప్పలు వచ్చాయి. వలల వెనక నుంచి విన్నాను.

"నా పెట్టికి కొత్త పొరేసి నెల తిరగలేదే. ఎర్రంటాడేటి?"

"ఆడికి రంగులు తెలవ్వేమో. గుడ్డి గుంటడు."

"ఒసే ఎల్లారమ్మా, నీ తమ్ముణ్ణి ఎలపటికి రమ్మను. మేవేటి పులులవా, కొరికేత్తావా?"

అందరూ నవ్వారు. ఒకడు నీళ్ళలోకి ముక్కు చీదాడు. అప్ప కూడా నవ్వినట్టుంది, పని జరగాలి కదా.

మావ చెప్పిందాంట్లో నిజం ఉందని నాకు తెలుసు. ఎండకి నీళ్ళు వేడెక్కితే పెట్టెలో అంకె పైకి పోతుంది, ఉప్పు లేకపోయినా సరే. దాన్ని సరిగ్గా చెయ్యాలంటే వేడి ఎంతో కూడా చదివి లెక్కెయ్యాలి. ఆ లెక్క నాకు రాదు. నేర్చుకోవడానికి నెల పడుతుంది. రోజుకి డెబ్భై జవాబులు చెప్తూ నెల ఎక్కడ దొరుకుతుంది?

రోజు 149

గీత జరిపాను. ఇంతకుముందు అంకె ఐదు వందలు దాటితే ఎర్ర. ఇప్పుడు పన్నెండు వందలు దాటితేనే ఎర్ర. ఒక్క అంకె మార్చడానికి పట్టిన టైము, మీరు ఈ ముక్క చదివినంత.

ఈ రోజు నాలుగే ప్రశ్నలు. మూడు థాంక్సులు. పోలయ్య మావ చందువా చేప పంపించాడు. తిన్నాను. బాగుంది.

రోజు 203

వానలు పడి ఇరవై రోజులైంది. సముద్రం చల్లబడింది. ఏడు ప్రశ్నలు. హాయిగా ఉంది. నిన్నటి నుంచి నేనే గుల్లలు గీకుతున్నాను.

ఏడింట్లో ఐదు తవిటమ్మొదినవి. తొమ్మిదో బార్జీ. ఆవిడకి రెండు నెలల పిల్ల. పాలు పడక డబ్బా పొడి కలిపి పడుతోంది. ఆవిడ ప్రశ్నలు ఇలా ఉంటాయి.

"మరిదీ, పిల్ల ఊరికే ఏడుత్తంది. నీళ్ళు బాగున్నట్టేనా?"

ఆకుపచ్చే కదా వదినా, అని పెట్టాను.

"ఆకుపచ్చే. కానీ తాగేకొద్దీ ఏడుత్తంది. ఇంకా కావాలంటంది. మళ్ళీ ఓ పాలి సూడవా?"

ఆకుపచ్చ అంటే ఆకుపచ్చే.

"పొడి ఎక్కువైపోతందేమో అంటంది మా అత్త. నాకేటో నీళ్ళే అనిపిత్తంది."

నాకు చిర్రెత్తింది. పొడి సరిగ్గా కలుపుకో వదినా, చుక్క మీద ఎందుకు పడతావు అని పెట్టాను. ఇంకేం అడగలేదు. ఒక ప్రశ్న తగ్గిందని లెక్కలో రాసుకున్నాను కూడా.

రోజు 206

ఆవిడ మెసేజీలే బుర్రలో తిరుగుతున్నాయి. తాగేకొద్దీ ఇంకా కావాలంటోంది. దాహం తీరకపోతే అలాగే అడుగుతారు.

మా పెట్టె అంకె చూశాను. పదకొండు వందల ఇరవై. నీళ్ళు చల్లగా ఉన్నాయి. చల్లటి నీళ్ళకి అంత అంకె వచ్చిందంటే అది వేడి కాదు, ఉప్పు. మా పొర పోయింది. ఎప్పుడు పోయిందో తెలీదు. చుక్క ఆకుపచ్చగా నా వైపు చూస్తోంది.

చల్లబడితే అంకె కిందికి దిగుతుందని నాకు తెలుసు. గీత వెనక్కి జరపాలని మర్చిపోయాను. కాదు. మర్చిపోలేదు. జరిపితే గంట మోగుతుందని జరపలేదు. ఇక్కడ అబద్ధం రాయకూడదు.

పెద్దవాళ్ళకి ఆ ఉప్పు ఏమీ చెయ్యదు, మహా అయితే కాళ్ళు వాస్తాయి. పాలడబ్బా పిల్లలకి అది విషం. ఆసుపత్రి లాంచీ మీద బొమ్మ వేసి మరీ రాసి ఉంటుంది. రోజూ చూస్తాను. పాలడబ్బా పిల్లలున్న ఇళ్ళు చుక్క వాడేవాళ్ళ జాబితాలో పదిహేడు.

ఇవాళే గీత వెనక్కి జరిపి కొత్త చుక్క తయారుచేశాను. అందరికీ మెసేజీ పెట్టాను: కొత్తది వచ్చింది, వెంటనే వేసుకోండి, ఇంకా బాగా పనిచేస్తుంది.

ఎందుకు వెంటనే అన్నది రాయలేదు. రాసి, చెరిపి, రాసి, చెరిపాను. పోలయ్య మావ అందరి ముందు చదివి వినిపిస్తాడనిపించింది.

రోజు 207

నాలుగు వందల పన్నెండులో ఎంతమంది వేసుకున్నారు? సున్నా.

ఎందుకో చెప్తాను. మా వాళ్ళు కొత్త వల దింపినా, కొత్త పడవ తోసినా, కొత్త కోడలు గుమ్మం తొక్కినా సముద్రం పోటెక్కేటప్పుడే. నీళ్ళు వెనక్కి తీసే పాటులో మొదలెట్టింది పాటుతోనే పోతుందంటారు. ప్రోగ్రాం కూడా నీళ్ళదే కదా! అందుకని పోటు కోసం ఆగారు. అది కూడా ఏ పోటు పడితే ఆ పోటు పనికిరాదంట. బార్జీల పెద్ద మసేనుగారు పున్నమి పోటు మంచిదన్నాడు. ఎల్లుండి పొద్దున్న పది దాటాక.

అప్పని పంపాను ఆయన దగ్గరికి. తిరిగొచ్చి చెప్పింది.

"ఇప్పుడే ఏసుకోమన్నాను. 'రెండ్రోజుల్లో ఏటి మునిగిపోద్దమ్మా' అన్నాడు. నువ్వు ఎందుకో సెప్పలేదు, నానేటి సెప్పను?"

"అర్జంటని చెప్పు."

"నిన్న సెప్పిందీ అదే. నీకు గోడలతో మాటలాడ్డం అలవాటైపోనాది రా. మడుసులకి కారణం కావాల."

తవిటమ్మొదినకి విడిగా పెట్టాను. వదినా, పిల్లకి రేవు పంపు నీళ్ళు పట్టు. ఆవిడ జవాబు పెట్టింది: పొడి తగ్గించాను మరిదీ, నువ్వు సెప్పినట్టే. నీళ్ళు ఆకుపచ్చే గదా, పిల్లనొదిలేసి రెండు గంటలు ఎల్లలేను.

దాని కింద ఏం పెట్టాలో నాకు తెలుసు. నేను గీత జరిపాను వదినా, అది ఆకుపచ్చ కాదు. అది రాసి, పంపకుండా ఫోను జేబులో పెట్టుకున్నాను.

రోజు 209

పోటు గడియ పది గంటల పదహారు నిమిషాలు. మసేనుగారు శంఖం ఊదాడు. ఊరంతా బొటనవేళ్ళు ఎత్తి పట్టుకుని కూర్చున్నారు. కొందరైతే తడి బట్టలతో, స్నానం చేసొచ్చి. పసుపు ముద్ద పెట్టిన ఫోన్లు కూడా ఉన్నాయి. శంఖం ఆగగానే నాలుగు వందల పన్నెండు వేళ్ళు ఒక్కసారే దిగాయి.

కొత్త చుక్క అందరికీ వెళ్ళాల్సింది మా బార్జీ కొయ్య మీద ఉన్న ఒక్క ఏంటెన్నా నుంచి. ఒకరి తర్వాత ఒకరు తీసుకుని ఉంటే ఒక్క రోజులో అయిపోయేది. అన్నీ ఒకేసారి లాగాయి. అన్నీ సగంలో ఆగాయి.

సగంలో ఆగిన ఫోను చివరగా చూసిన రంగే చూపిస్తూ ఉంటుంది. ఆకుపచ్చ. ఊరంతా ఆకుపచ్చ. జనం చప్పట్లు కొట్టారు. పోలయ్య మావ మెసేజీలు పెట్టడు కదా, ఇవాళ మొదటిసారి ఎవరిచేతో పెట్టించాడు: భేష్ అల్లుడా.

  

మధ్యాహ్నం తొమ్మిదో బార్జీ నుంచి కేకలు. పిల్ల కొయ్యలా బిగుసుకుపోయి కొట్టుకుంటోంది. ఆసుపత్రి లాంచీ వచ్చింది. లాంచీలో నర్సు పిల్ల నాలుక మీద వేలు పెట్టి చూసి, పాలసీసా వాసన చూసి, నీళ్ళు ఎక్కడివని అడిగింది. తవిటమ్మొదిన ఫోను చూపించింది. నేను అవతలి తెప్ప మీద ఉన్నాను. నన్ను చూసింది. ఇంతకాలం లెక్కలేనన్ని ప్రశ్నలు అడిగిన మనిషి, ఒక్కటీ అడగలేదు.

రోజు 211

పిల్ల బతికింది. ఇంకా లాంచీలోనే ఉంది. రక్తంలో ఉప్పు మెల్లిగా దించాలంట, తొందరపడితే మెదడు పోతుందంట.

నిన్నా ఇవాళా మిగతా పదహారు ఇళ్ళకి తెప్ప మీద వెళ్ళాను. ఒక్కొక్క ఫోనూ నా ఫోను పక్కన పెట్టుకుని పది నిమిషాలు కూర్చుంటే కొత్తది పూర్తిగా దిగుతుంది. మాట్లాడలేదు. చీటీ రాసుకుని వెళ్ళాను: పిల్లకి ఈ నీళ్ళు పట్టకండి. పదహారింట్లో తొమ్మిది ఎర్ర. పాటా పోటా అని అడగడానికి ఎవరికీ నోరు రాలేదు, తవిటమ్మొదిన పిల్ల సంగతి అప్పటికే పాకిపోయింది.

ఒక ముసలామె మాత్రం, "పాటులో ఎట్టేత్తన్నావు, మా పిల్లకేటన్నా అయితే?" అంది. ఆవిడ చేతిలోనే సీసా ఉంది.

రోజు 212

సంత బార్జీ మీద అందరూ కూడారు. మసేనుగారు నన్ను మధ్యలో నిలబెట్టాడు.

"మాటాడరా. ఫోన్లో అయితే బానే పేల్తావు," అన్నారెవరో.

రాసుకొచ్చిందాన్ని అప్పకి ఇచ్చాను. అప్ప చదివింది. నూట నలభై తొమ్మిదో రోజు గీత జరిపాను, జనం గోల పడలేక. చల్లబడ్డాక తప్పని తెలిసీ వెనక్కి జరపలేదు. తప్పు దొరికాక కూడా సిగ్గేసి చెప్పలేదు. అప్ప ఆ చివరి ముక్క దగ్గర ఆగి నా మొహం చూసి, మళ్ళీ మొదటినుంచి గట్టిగా చదివింది, వెనకవాళ్ళకి కూడా వినపడేలా.

కొడతారనుకున్నాను. కొట్టలేదు. అంతకంటే రోత పని చేశారు.

"సరే, తప్పు ఒప్పుకున్నాడు," అన్నాడు పోలయ్య మావ. "ఇప్పుడు కొత్తది ఏసుకుంటే ఎన్ని పెట్టిలు ఎర్రవుతాయి?"

అప్ప నా వైపు చూసింది. నూట తొంభై దాకా అని వేళ్ళతో చూపించాను.

"నూట తొంబై ఇళ్ళు రోజూ రేవు పంపుకి ఎల్లాలా? వేటకెప్పుడెల్తాం? మాకేటీ అవలేదు గదా. మా చుక్క మాకిచ్చెయ్యి."

"అవునవును. ఆకుపచ్చదే ఇచ్చెయ్యమనండి."

"పన్నెండొందల గీతే బాగుంది."

లాంచీలో పిల్ల ఉంది. ఇక్కడి నుంచి కనపడుతుంది ఆ లాంచీ. దాని వైపు వీపు పెట్టి నిలబడి అడుగుతున్నారు.

మసేనుగారు చెయ్యెత్తాడు. మంచి మనిషే, అందరికీ నచ్చేలా తేల్చాలని చూస్తాడు. "ఒరే ఓలేసూ, రెండు సెయ్యరా. డబ్బా పాల పిల్లలున్నోళ్ళకి కొత్తది, మిగతావోళ్ళకి పాతది. ఎవరికేది కావాలో అది. అడిగినోళ్ళకి జవాబు సెప్పడం నీ ధర్మం గదా?"

అందరూ ఆహా అన్నారు. అందరికీ సుఖం. రేపటి నుంచి గంట మోగదు. అప్ప అరచేతులు మానతాయి. ఒక్క నిమిషం నాకు కూడా బాగుందనిపించింది, అది కూడా రాస్తున్నాను.

"ఇవ్వను," అన్నాను.

నా గొంతు అంత కీచుగా ఉంటుందని నాకే తెలీదు. ఎవరో నవ్వారు.

"ఏటీ?"

"ఇవ్వను. పక్కింటి నుంచి చెంబుడు నీళ్ళు తెచ్చుకోని ఇల్లు ఏది? తవిటమ్మొదిన పెట్టె నిండలేదని మీ ఇంటి నుంచి తీసుకెళ్ళదా? మీ చుక్క ఆకుపచ్చ కదాని మీరు పొయ్యరా?"

"జవాబు సెప్పనంటావా? రూలు తప్పినోడు బార్జీ దిగాల, తెల్సా?" అన్నాడు పోలయ్య మావ.

అప్ప అందుకుంది.

"సెప్పాడు గదేటి మావా. ఇవ్వనన్నాడు. కాదన్నా జవాబే. నచ్చినదే జవాబని రూల్లో ఎక్కడుందో సూపించు."

మసేనుగారు అలా రాసి లేదన్నాడు.

రోజు 221

మిగతా ఇళ్ళకి ఒక్కొక్కటిగా వెళ్తున్నాను. తొమ్మిది రోజులైంది. మా పొర కూడా పోయింది కాబట్టి ఈ తొమ్మిది రోజులూ పంపు నీళ్ళే తాగుతున్నాం. ఫోను పక్కన ఫోను పెట్టి కూర్చుని తిట్లు తింటాను. చీటీ మానేశాను. ఎర్ర వస్తే "ఎర్ర" అంటాను. ఒక్క మాటే కాబట్టి వస్తోంది. ఒకామె మా అప్పని తిట్టింది. ఒకడు నేను కూర్చున్న చోట చేప కడుపు నీళ్ళు పోశాడు. రోజుకి యాభై అయితే గొప్ప. తిరిగొచ్చేసరికి ఫోన్లో ప్రశ్నలు. వాటిలో సగం ఆకుపచ్చ ఎప్పుడొస్తుందని. పొర మారిస్తే వస్తుందని సగం మందికి జవాబు పెట్టాను. మిగతా సగం రేపు.

లాంచీ నుంచి తవిటమ్మొదిన మెసేజీ: పిల్ల పాలు తాగి నిద్దరోయింది. తప్పు నాదే వదినా, అని పెట్టాను. చూసినట్టు గుర్తు వచ్చింది. జవాబు రాలేదు. ఆవిడకి ఏ రూలూ లేదు.

ఇవాళ ఆఖరున పదకొండో బార్జీ. పోలయ్య మావ గుమ్మంలోనే కూర్చున్నాడు, చేతిలో గ్లాసు.

"పాటు తీత్తంది. ఇప్పుడెట్టనివ్వను. పో."

"పది నిమిషాలు మావా."

"నెల తిరగలేదు నా పొరకి."

"అది ఎండల్లో మాట మావా. ఇప్పటికి మూడు నెలలైంది."

"నాకు నెక్కలు సెప్తావా!" గ్లాసులో నీళ్ళు నా మొహాన కొట్టాడు.

కళ్ళు మండాయి. నీళ్ళు ముక్కు మీదుగా పెదాల మీదికి దిగాయి. తుడుచుకోలేదు. పెదాలు నాక్కున్నాను.

"ఉప్పు, మావా," అన్నాను.

ఆయన గ్లాసు వైపు చూశాడు. అడుగున ఇంకా కొంచెం మిగిలి ఉంది. తాగలేదు, పారబొయ్యలేదు. లోపలి నుంచి అత్త వచ్చింది. ఆయన పక్కనుంచి చెయ్యి చాపి ఫోను నా చేతిలో పెట్టింది.